ఒక్క చక్కెర తక్కువైన రక్తం

‘ఓ’ గ్రూపు రోగికి ‘ఓ’ రక్తమే ప్రాణం మీదికి ఎలా తెస్తుంది? జవాబు 19వ క్రోమోజోము మీద ఉన్న ఒక చిన్న జన్యువులో ఉంది.

డ్రైవింగ్ లైసెన్సు మీద, ఆఫీసు ఐడీ కార్డు మీద, పిల్లల స్కూలు డైరీ మొదటి పేజీలో మన రక్తం వివరమంతా ఒకటి రెండు అక్షరాల్లో ఇమిడిపోయి ఉంటుంది. ఏ, బీ, ఏబీ, ఓ. పక్కన పాజిటివో నెగటివో. ఎవరి రక్తం ఎవరికి ఎక్కించవచ్చో హైస్కూలు పిల్లలు కూడా గడగడా అప్పజెప్పేస్తారు. ‘ఓ’ వాళ్లు అందరికీ ఇవ్వొచ్చు, పుచ్చుకునేది మాత్రం ‘ఓ’ వాళ్ల దగ్గరే.

ఈ లెక్కన ‘ఓ’ పాజిటివ్ రోగికి ‘ఓ’ పాజిటివ్ బ్యాగు దొరికితే పని అయిపోయినట్టే. అయితే ఎప్పుడో ఒకసారి బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌కు చెమటలు పట్టించే రోగి వస్తాడు. కార్డు మీద ‘ఓ’ అని ఉంటుంది. ల్యాబులో మళ్లీ పరీక్షించినా ‘ఓ’ అనే వస్తుంది. కానీ క్రాస్ మ్యాచింగ్ కోసం ‘ఓ’ బ్యాగులోని కణాలను అతని సీరంలో కలపగానే అవి గుంపులు గుంపులుగా అతుక్కుపోతాయి. ఇంకో బ్యాగు తీస్తారు. అదీ అంతే. ఫ్రిజ్‌లోని ‘ఓ’ బ్యాగులన్నీ వరసపెట్టి చూసినా ఒక్కటీ కుదరదు.

ఆ రోగిది నిజానికి ‘ఓ’ గ్రూపు కాదు. అతనిది బాంబే బ్లడ్ గ్రూపు. మామూలు పరీక్షలో ‘ఓ’ లాగే కనిపించే ఈ రక్తానికి, అసలు ‘ఓ’ రక్తానికి మధ్య తేడా ఒకే ఒక చక్కెర అణువు. ఆ చక్కెరను కణం మీద అతికించే ఎంజైమును తయారు చేయించేది ఎఫ్‌యూటీ1 అనే జన్యువు.

1952, పరేల్

రక్తంలో గ్రూపులున్నాయని వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ కనిపెట్టింది 1900–1901 ప్రాంతంలో. అందుకు ఆయనకు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఏ, బీ, ఏబీ, ఓ అన్న నాలుగు పెట్టెల్లో మనుషులందరూ సరిపోతారనే అనుకున్నారు.

ఆ లెక్క తప్పింది బొంబాయి పరేల్‌లోని కేఈఎం ఆస్పత్రిలో. దాన్ని ఆనుకుని ఉన్న సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో పనిచేసే డాక్టర్ వై.ఎం. భెండే, సి.కె. దేశ్‌పాండే, హెచ్.ఎం. భాటియాల ముందుకు ముగ్గురు వ్యక్తుల రక్తం వచ్చింది. ముగ్గురి కణాలూ ‘ఓ’ లాగే ఉన్నాయి. వాళ్ల సీరం మాత్రం ఏ, బీ కణాలతో పాటు ‘ఓ’ కణాలను కూడా అతికించేస్తోంది. ఆ ముగ్గురి రక్తం ఒకరిది ఒకరికి మాత్రం చక్కగా కుదిరింది.

భెండే బృందం లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌ను సంప్రదించింది. రక్తవర్గాల విషయంలో అప్పట్లో ప్రపంచమంతా తలెత్తి చూసే రాబర్ట్ రేస్, రూత్ సాంగర్ అక్కడే ఉన్నారు. రక్తవర్గాల రసాయనాన్ని తవ్వుతున్న వాల్టర్ మోర్గన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్‌లదీ అదే సంస్థ. 1952లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయిన చిన్న వ్యాసం మీద ఈ ఏడుగురి పేర్లూ ఉన్నాయి. ఏబీఓ వ్యవస్థకు సంబంధించిన ఒక కొత్త లక్షణం దొరికిందన్నది దాని సారాంశం.

సరిగ్గా అదే ఏడాది మోర్గన్, వాట్కిన్స్ మరో సంగతి బయటపెట్టారు. ‘ఓ’ కణాలను అతికించే గుణం ఈల్ చేప సీరానికి ఉంది. దానికి ముందుగా ఫ్యూకోజ్ అనే మామూలు చక్కెరను కలిపితే ఆ గుణం పోతోంది. అంటే ‘ఓ’ కణం మీద ఆ సీరం పట్టుకుంటున్నది ఫ్యూకోజ్‌నే. బొంబాయి నుంచి వచ్చిన మూడు నమూనాల్లో లోపించింది కూడా ఆ ఫ్యూకోజే అని తేలడానికి దారి అలా పడింది.

కణం మీద చక్కెర గొలుసులు

ఎర్ర రక్తకణం పైపొర నునుపుగా ఉండదు. ప్రొటీన్ల మీద, కొవ్వు అణువుల మీద చక్కెరలతో కట్టిన పొట్టి పొట్టి గొలుసులు లక్షల సంఖ్యలో మొలిచి ఉంటాయి. ఏ, బీ, ఓ తేడాలన్నీ ఈ గొలుసుల కొసల దగ్గరే. గొలుసు మొదలు అందరిలోనూ ఒకటే. కొసన గాలక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అక్కడి నుంచి జరిగేది రెండు అంచెల పని.

మొదటి అంచెలో ఆ గాలక్టోజ్‌కు పక్కన ఒక ఫ్యూకోజ్ వచ్చి చేరుతుంది. అప్పుడు ఆ కొసను హెచ్ యాంటిజెన్ అంటారు. ఈ పని చేసేది ఎఫ్‌యూటీ1 ఎంజైము. రెండో అంచె ఏబీఓ జన్యువుది. ఆ జన్యువు ‘ఏ’ రకమైతే, దాని ఎంజైము హెచ్ మీద ఎన్-ఎసిటైల్ గాలక్టోజమీన్ అనే చక్కెరను తగిలిస్తుంది. బీ రకమైతే ఇంకో గాలక్టోజ్‌ను తగిలిస్తుంది. ఓ రకమైతే పనిచేసే ఎంజైమే ఉండదు కాబట్టి హెచ్ ఉన్నది ఉన్నట్టే మిగిలిపోతుంది.

అందువల్ల ‘ఓ’ అంటే ఖాళీ అనుకోవడం పొరపాటు. ‘ఓ’ కణం నిండా హెచ్ ఉంటుంది. ఏ, బీ కణాల మీదా ఎంతో కొంత హెచ్ మిగిలే ఉంటుంది, ఎందుకంటే రెండో అంచె ఎంజైములు ప్రతి గొలుసునూ పూర్తి చేయలేవు.

ఇక్కడ కీలకమైన షరతు ఒకటుంది. ఏ ఎంజైమైనా, బీ ఎంజైమైనా హెచ్ ఉన్న గొలుసునే గుర్తుపడుతుంది. ఫ్యూకోజ్ లేని గొలుసు దానికి పనికిరాదు. చెవి కుట్టించనిదే కమ్మ పెట్టలేం కదా, అలాగన్నమాట. ఏ వాళ్లది ఎర్రరాయి కమ్మ, బీ వాళ్లది తెల్లరాయి కమ్మ, ఏబీ వాళ్లకు రెండూ ఉన్నాయి. ‘ఓ’ వాళ్లు చెవులైతే కుట్టించుకున్నారు, పెట్టుకోవడానికి కమ్మలు లేవు. బాంబే గ్రూపు వాళ్లకు అసలు చెవులే కుట్టలేదు. బీరువాలో కమ్మలు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నా పెట్టుకునే వీల్లేదు. చూసేవాళ్లకు మాత్రం ఇద్దరివీ బోసి చెవులే. మామూలు గ్రూపింగ్ పరీక్ష చూసేది కమ్మలనే గనుక ఇద్దరికీ ‘ఓ’ అని రాసేస్తుంది.

బీరువాలో కమ్మలున్న మాట ఊహ కాదు. ఏ, బీ జన్యువులున్న బాంబే గ్రూపు వ్యక్తుల సీరంలో ఆ ఎంజైములు పనిచేసే స్థితిలోనే దొరుకుతాయి.

┌ బాక్స్ 1 ┐
ఏకూ బీకీ మధ్య ఎంత దూరం?
ఏబీఓ జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంది. దాని అక్షర క్రమాన్ని 1990లో ఫుమిఇచిరో యమమోటో బృందం చదివింది. 354 అమైనో ఆమ్లాల ఎంజైములో ఏకూ బీకీ మధ్య నాలుగంటే నాలుగే తేడాలు. ఆ నాలుగు మారితే ఎంజైము పట్టుకునే చక్కెర మారిపోతుంది. సాధారణంగా కనిపించే ఓ రకంలోనైతే జన్యువు 261వ స్థానంలో ఒక్క అక్షరం ఎగిరిపోయింది. డీఎన్ఏను మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోయే కణానికి అక్కడి నుంచి ప్రతి మాటా తప్పే. కాస్త దూరం వెళ్లేసరికి ‘ఇక ఆపు’ అనే సంకేతం ఎదురై, ఎంజైము సగంలోనే ఆగిపోతుంది.
└────────┘

కవల జన్యువులు

ఎఫ్‌యూటీ1 జన్యువు 19వ క్రోమోజోము పొడుగు భుజం మీద ఉంది. దాని ఆదేశంతో తయారయ్యే ఎంజైము 365 అమైనో ఆమ్లాల పొడవు. కణం లోపల గాల్జీ అనే పొరల అమరికలో కూర్చుని, అటుగా వచ్చే గొలుసులకు ఫ్యూకోజ్ తగిలిస్తూ ఉంటుంది. జాన్ లోవి బృందం అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1990లో ఈ జన్యువును వేరుచేసి చూపింది.

దాని పక్కనే, అదే క్రోమోజోము మీద, ఎఫ్‌యూటీ2 అనే దాని తోడు ఉంది. రెండూ ఒకే పూర్వ జన్యువు నుంచి చీలి వచ్చాయి. చేసే పనీ ఒకటే, చేసే చోటే వేరు. ఎర్ర రక్తకణాల మీద హెచ్‌ను తయారు చేసేది ఎఫ్‌యూటీ1. లాలాజలంలో, పేగు లోపలి పొర మీద, తల్లిపాలలో తయారు చేసేది ఎఫ్‌యూటీ2. ఎఫ్‌యూటీ2 పనిచేసేవారి ఉమ్ములో కూడా వాళ్ల బ్లడ్ గ్రూపు ఆనవాళ్లు దొరుకుతాయి. వాళ్లను సెక్రెటర్లు అంటారు.

భారతీయ బాంబే గ్రూపులో ఈ రెండు జన్యువులూ ఒకేసారి దెబ్బతిన్నాయి. 1997లో జపాన్‌కు చెందిన కోడా బృందం ఆ సంగతి తేల్చింది. ఎఫ్‌యూటీ1లో 725వ అక్షరం మారింది. దానివల్ల 242వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ఆర్జినిన్ వచ్చి కూర్చుంది. లూసిన్ నీటికి దూరంగా ఉండే రకం, ఆర్జినిన్ విద్యుదావేశం ఉన్నది. ఈ ఒక్క మార్పుతో ఎంజైము పనికిరాకుండా పోయింది. పక్కనున్న ఎఫ్‌యూటీ2లో అక్షరం మారడం కాదు, దాదాపు పదివేల అక్షరాల మేర ముక్కే ఊడిపోయింది. మన డీఎన్ఏలో అక్కడక్కడా పదే పదే కనిపించే అలూ అనే వరసలు రెండు పొరపాటున ఒకదానితో ఒకటి జతపడటంతో, వాటి మధ్య ఉన్నదంతా కొట్టుకుపోయిందని తర్వాత తెలిసింది.

రెండు జన్యువులూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఈ జంట లోపం విడిపోకుండా తరం నుంచి తరానికి కలిసే నడుస్తోంది. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌లోనూ ఇదే జంట కనిపించింది. 19వ శతాబ్దంలో దక్షిణ భారతం నుంచి కూలీలుగా ఓడలెక్కి ఆ దీవికి చేరినవారి సంతతిలో అది ఉండటం వింతేమీ కాదు.

ఇతర దేశాల్లో ఎఫ్‌యూటీ1 వేరే వేరే చోట్ల దెబ్బతిన్న రకాలున్నాయి. తూర్పు ఆసియాలో ఎక్కువగా కనిపించేది పారా-బాంబే. అందులో ఎఫ్‌యూటీ1 పాడైనా ఎఫ్‌యూటీ2 బాగానే ఉంటుంది. లాలాజలంలో హెచ్ ఉంటుంది, ప్లాస్మాలో తిరిగే హెచ్ కొద్దిగా ఎర్రకణాలకూ అంటుకుంటుంది.

ఇంత జరిగినా బాంబే గ్రూపు వాళ్లకు ఆరోగ్యపరంగా ఏ లోటూ ఉండదు. హెచ్ లేకపోయినా ఎర్రకణం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే చాలామందికి ఆపరేషనో, కాన్పో, రక్తదాన శిబిరమో ఎదురయ్యేదాకా ఈ సంగతే తెలియదు.

ఇలాంటి రక్తమే మరో దారిలోనూ వస్తుంది, అప్పుడు కథ వేరుగా ఉంటుంది. 1992లో ఇజ్రాయెల్ వైద్యులు ఇద్దరు బాలుర గురించి రాశారు. వాళ్లదీ బాంబే రక్తమే, కానీ ఇన్ఫెక్షన్లు వదిలేవి కావు, ఎదుగుదల కుంటుపడింది. వాళ్లలో ఎఫ్‌యూటీ1 బాగానే ఉంది. ఫ్యూకోజ్‌ను గాల్జీ లోపలికి చేరవేసే ప్రొటీనులో లోపం. ముడిసరుకే అందకపోవడంతో ఫ్యూకోజ్ అవసరమైన పనులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడను పట్టుకుని ఇన్ఫెక్షన్ ఉన్న చోట దిగడానికి కూడా ఫ్యూకోజ్ ఉన్న గొలుసులే కావాలి. ఒక ఎంజైము పోవడానికీ, సరఫరా పోవడానికీ ఉన్న తేడా ఆ పిల్లల్లో స్పష్టంగా తెలిసింది.

‘ఓ’ తల్లికి ‘బీ’ బిడ్డ

బడిలో నేర్చుకున్న ఇంకో సూత్రం కూడా ఈ గ్రూపు దగ్గర తలకిందులవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు ‘ఓ’ అయితే బిడ్డ ‘ఏబీ’ కాలేదన్నది ఆ సూత్రం. ‘ఓ’ వ్యక్తి దగ్గర ఇవ్వడానికి ఏ గానీ బీ గానీ ఉండదు కదా.

కానీ ‘ఓ’ అని రాసి ఉన్న ఆ తల్లి నిజానికి బాంబే గ్రూపు అయితే, ఆమె బీరువాలో బీ కమ్మలు ఉండొచ్చు. అవి బిడ్డకు అందుతాయి. తండ్రి నుంచి పనిచేసే ఎఫ్‌యూటీ1 ప్రతి వస్తుంది కాబట్టి బిడ్డ కణాల మీద హెచ్ తయారవుతుంది, దాని మీద బీ తగులుకుంటుంది. తల్లిలో కనపడనిది బిడ్డలో కనపడుతుంది. 1955లో అమెరికాలో ఫిలిప్ లెవిన్ బృందం ఒక ఇటాలియన్ సంతతి మహిళ కుటుంబంలో సరిగ్గా ఇదే చూపింది. పరీక్షలో బీ లేని ఆమె తన బిడ్డకు బీని అందించింది. ఏబీఓ జన్యువు ఎక్కడికీ పోలేదని, ఇంకో జన్యువు లోపం దాన్ని కప్పేసిందని అప్పుడే రుజువైంది. ‘బాంబే’ అన్న పేరు స్థిరపడింది కూడా ఆ వ్యాసంతోనే.

బిడ్డ పితృత్వం గురించి సందేహాలు రేగినప్పుడు ఒకప్పుడు బ్లడ్ గ్రూపే సాక్ష్యంగా నిలబడేది. బాంబే గ్రూపు ఉన్న ఇంట్లో ఆ సాక్ష్యం నిర్దోషిని దోషిగా చూపించగలదు. ఇప్పుడు కోర్టులు డీఎన్ఏ పరీక్షను అడగడం ఈ రకంగానూ మేలే.

మేనరికం లెక్క

బాంబే గ్రూపు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ పాడైనవే అందాలి. ఐరోపాలో ఇది పది లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి. ముంబయిలో భాటియా తదితరులు చేసిన సర్వేలో దాదాపు 7,600 మందికి ఒకరు తేలారు. ఒడిశాలోని కుటియా కోంద్ వంటి చిన్న గిరిజన సమూహాల్లో ఇంతకన్నా ఎంతో ఎక్కువగా కనిపించింది.

పదివేలకు ఒకరు అనే అంకె వెనక ఇంకో అంకె దాగి ఉంది. సరళంగా లెక్క కడితే, పాడైన ప్రతిని ఒక్కటే మోస్తూ తిరిగేవాళ్లు ప్రతి 50 మందికీ ఒకరుంటారు. వాళ్ల రక్తంలో ఏ తేడా కనపడదు. మిగిలిన మంచి ప్రతి ఒక్కటే కావలసినంత హెచ్‌ను తయారు చేసిపెడుతుంది. ఇలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ఒక్కో కాన్పులో బిడ్డ బాంబే గ్రూపు అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇక్కడే మేనరికం అడుగుపెడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మేనమామ కూతురినో, మేనత్త కొడుకునో చేసుకోవడం, అక్క కూతురిని చేసుకోవడం చాలా కులాల్లో తరాలుగా ఉన్న ఆచారం. మేనత్త మేనమామ పిల్లలు పెళ్లాడితే, ఒకే పూర్వీకుడి దగ్గరున్న ఒకే జన్యు ప్రతి రెండు దారుల్లో దిగివచ్చి బిడ్డలో కలుసుకునే అవకాశం 16లో 1 వంతు. మేనమామను చేసుకుంటే 8లో 1 వంతు. దీన్ని బాంబే జన్యువుకు వర్తింపజేస్తే, బయటి సంబంధాల్లో పదివేల మంది బిడ్డలకు ఒకరు ఉన్నచోట, మేనబావ మరదళ్ల బిడ్డల్లో సుమారు ఏడుగురు, మేనమామ మేనకోడళ్ల బిడ్డల్లో సుమారు పదమూడుగురు తేలతారు.

బాంబే గ్రూపు దానంతట అది జబ్బు కాదు కాబట్టి ఈ అంకెలు చూసి కంగారు పడనక్కర్లేదు. రక్తం అవసరం పడినప్పుడు మాత్రం ఇవి పనికొస్తాయి. మేనరికపు కుటుంబంలో ఒకరిది బాంబే అని తేలితే, సరిపడే రక్తం కోసం మొదట వెతకాల్సింది ఆ ఇంట్లోనే, ఆ చుట్టరికంలోనే.

పరీక్ష గదిలో

గ్రూపింగ్‌కు రెండు భాగాలున్నాయి. ముందు భాగంలో రోగి కణాల మీద యాంటీ-ఏ, యాంటీ-బీ చుక్కలు వేస్తారు. రెండింటిలోనూ కణాలు అతుక్కోకపోతే ‘ఓ’. చిన్న ల్యాబుల్లో స్లైడు మీద ఈ ఒక్క పరీక్షతోనే సరిపెట్టడం మామూలే. ఇది చెప్పేదల్లా కణాల మీద ఏ లేదు, బీ లేదు అని. హెచ్ ఉందో లేదో దీనికి తెలియదు.

రెండో భాగాన్ని రివర్స్ గ్రూపింగ్ అంటారు. ఇందులో రోగి సీరంలో మనకు ముందే తెలిసిన ఏ కణాలు, బీ కణాలు, ఓ కణాలు విడివిడిగా కలుపుతారు. ‘ఓ’ మనిషి సీరం మొదటి రెండింటినీ అతికిస్తుంది, ఓ కణాల జోలికి పోదు. బాంబే మనిషి సీరం మూడింటినీ అతికిస్తుంది. బొంబాయి వైద్యులు 1952లో పట్టుకున్న ఆధారం సరిగ్గా ఇదే. ఆ తర్వాత యాంటీ-హెచ్ వేసి చూస్తారు. ‘ఓ’ కణాలు బలంగా గుంపుకడతాయి, బాంబే కణాలు కదలవు. దాంతో సందేహం తీరిపోతుంది.

┌ బాక్స్ 2 ┐
ఉలవల గింజ చెప్పే గ్రూపు
ఈ పరీక్షల్లో వాడే కొన్ని ద్రావణాలు మొక్కల నుంచి వస్తాయి. గింజల్లో లెక్టిన్లు అనే ప్రొటీన్లు ఉంటాయి. ఒక్కో లెక్టిన్ ఒక్కో రకం చక్కెరనే పట్టుకుంటుంది. యాంటీ-హెచ్‌గా పనికొచ్చేది యులెక్స్ అనే పసుపుపచ్చ పూల ముళ్లపొద గింజల సారం. అది ఫ్యూకోజ్‌ను పట్టుకుంటుంది. ఐరోపా నుంచి వచ్చిన ఆ పొద ఊటీ చుట్టుపక్కల నీలగిరుల్లోనూ పాతుకుపోయింది. రాయలసీమ, తెలంగాణ వంటిళ్లకు చిరపరిచితమైన ఉలవలకూ ఈ విద్య తెలుసు. ఉలవల సారం ఏ గ్రూపులోని ఏ1 అనే ఉపవర్గం కణాలను మాత్రమే అతికిస్తుందని జి.డబ్ల్యు.జి. బర్డ్ 1951లో భారతదేశపు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఏ1ను ఏ2 నుంచి విడదీయడానికి ఆ లెక్టిన్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.
└────────┘

తప్పు రక్తం ఎక్కితే

ఏ, బీలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు మనకు పుట్టిన కొన్ని నెలల్లోనే తయారవుతాయి. పేగుల్లోని బాక్టీరియాల మీద అలాంటి చక్కెరలే ఉంటాయి కాబట్టి, మన శరీరం తనలో లేనివాటిని పరాయివిగా గుర్తుపెట్టుకుంటుంది. హెచ్ అందరిలో ఉంటుంది గనుక ఎవరూ దాన్ని శత్రువుగా చూడరు. బాంబే గ్రూపు వాళ్లకు అది కూడా పరాయిదే. వాళ్ల ప్లాస్మాలో యాంటీ-ఏ, యాంటీ-బీలతో పాటు యాంటీ-హెచ్ కూడా ఎప్పుడూ సిద్ధంగా తిరుగుతూ ఉంటుంది.

అది శరీర ఉష్ణోగ్రత దగ్గర కూడా చురుగ్గా పనిచేస్తుంది. మామూలు ‘ఓ’ రక్తం ఎక్కిస్తే, దాని నిండా హెచ్ ఉండటం వల్ల, యాంటీబాడీలు ఒక్కసారిగా మీదపడి కణాలను రక్తనాళాల్లోనే పగలగొడతాయి. చలిజ్వరం, నడుం నొప్పి, ముదురు రంగు మూత్రం, పడిపోయే రక్తపోటు, చివరికి మూత్రపిండాలు చేతులెత్తేయడం. ఏ, బీ, ఏబీ రక్తాల మీద హెచ్ తక్కువే అయినా వాటి మీది ఏ, బీలకు ఎటూ యాంటీబాడీలు ఉన్నాయి. కాబట్టి బాంబే గ్రూపు వాళ్లకు ఎర్రకణాలు ఇవ్వగలిగేది మరో బాంబే గ్రూపు మనిషే. ఆర్‌హెచ్ (పాజిటివ్, నెగటివ్) కూడా కలవాలి.

అటువైపు నుంచి చూస్తే పరిస్థితి వేరు. బాంబే ఎర్రకణాల మీద ఏ లేదు, బీ లేదు, హెచ్ లేదు. ఆర్‌హెచ్ కుదిరితే, సూత్రప్రకారం ఏబీఓలోని ఏ గ్రూపు వారికైనా అవి సరిపడతాయి. కానీ అంత అరుదైన బ్యాగును ఎవరూ అలా ఖర్చు పెట్టరు, మరో బాంబే రోగి కోసం దాచి ఉంచుతారు.

ఎఫ్‌యూటీ2 వల్ల పేగుల్లో తేడా

రక్తకణం మీద హెచ్ లేకపోవడం ఆస్పత్రిలో తప్ప తెలియదు. పేగు మీద దాని ఉనికి మాత్రం రోజువారీ జీవితంలోనే తేడా చూపిస్తుంది. ఐరోపా సంతతివారిలో దాదాపు ఐదింట ఒకరికి ఎఫ్‌యూటీ2 పనిచేయదు. 428వ అక్షరం మారడంతో ఎంజైము 143వ స్థానంలోనే ఆగిపోతుంది. వాళ్ల ఎర్రకణాల మీద ఎఫ్‌యూటీ1 చేసిన హెచ్ మామూలుగానే ఉంటుంది. పేగు పొర మీద మాత్రం ఉండదు.

వాంతులు, విరేచనాలతో హడలెత్తించే నోరోవైరస్‌లలో చాలా రకాలు పేగు కణాన్ని పట్టుకోవడానికి ఈ హెచ్ గొలుసులనే ఆసరా చేసుకుంటాయి. వలంటీర్లకు కావాలని నార్వాక్ వైరస్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. ఎఫ్‌యూటీ2 పనిచేయని వాళ్లకు ఎవరికీ అది సోకలేదు. విటమిన్ బి12 స్థాయికీ ఎఫ్‌యూటీ2కూ సంబంధం ఉందని 2008లో తేలింది. పనిచేయని వారి రక్తంలో బి12 కాస్త ఎక్కువగా ఉంటోంది. అలాంటి తల్లుల పాలలో ఫ్యూకోజ్ ఉన్న ఒక ముఖ్యమైన చక్కెర దాదాపుగా ఉండదు. పసిపిల్లల పేగుల్లో మేలు చేసే బాక్టీరియాకు ఆ చక్కెర మంచి ఆహారం. లాభాలూ నష్టాలూ రెండూ ఉన్నందువల్లే కాబోలు, పనిచేసే రకం, పనిచేయని రకం రెండూ మనుషుల్లో నిలిచిపోయాయి.

గ్రూపు మార్చే ఎంజైములు

చక్కెరను తగిలించే ఎంజైమున్నట్టే దాన్ని కత్తిరించేవీ ఉన్నాయి. న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో జాక్ గోల్డ్‌స్టీన్ బృందం పచ్చి కాఫీ గింజల నుంచి తీసిన ఎంజైముతో బీ కణాల కొసల్లోని గాలక్టోజ్‌ను తొలగించి వాటిని ‘ఓ’గా మార్చింది. 1982లో వాటిని వలంటీర్లకు ఎక్కించి చూపింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2019లో మనిషి పేగులోని ఒక బాక్టీరియా నుంచి ఏను తీసేసే రెండు ఎంజైములను ప్రకటించింది. 2024లో డెన్మార్క్, స్వీడన్ పరిశోధకులు అకర్‌మాన్సియా అనే మరో పేగు బాక్టీరియా ఎంజైములతో ఈ మార్పిడిని ఇంకొంచెం మెరుగుపరిచారు. రక్తం కొరత ఉన్న చోట అన్ని బ్యాగులనూ ‘ఓ’గా మార్చుకోవచ్చన్నది ఈ ప్రయత్నాల లక్ష్యం.

బాంబే గ్రూపు వాళ్లకు మాత్రం ఇందులో ఒరిగేదేమీ లేదు. ఏ, బీలను ఎంత శుభ్రంగా తొలగిస్తే అంత హెచ్ బయటపడుతుంది. వాళ్లకు సరిపడాలంటే ఫ్యూకోజ్‌ను కూడా తీసేయాలి.

కాబట్టి ప్రస్తుతానికి దారులు పాతవే. ముందే తేదీ ఖరారైన ఆపరేషన్ అయితే కొన్ని వారాల ముందు రోగి రక్తాన్నే తీసి దాచి, అవసరమైతే తిరిగి అతనికే ఎక్కించవచ్చు. ఎర్రకణాలు మామూలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులే నిలుస్తాయి. గ్లిజరాల్ కలిపి గడ్డకట్టిస్తే పదేళ్ల దాకా ఉంటాయి. అయితే వాడే ముందు గ్లిజరాల్‌ను కడిగేయాలి, అందుకు సమయం పడుతుంది. పరేల్‌లో 1957లో రక్తవర్గ రెఫరెన్స్ కేంద్రంగా మొదలై, ఇప్పుడు భారతీయ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థగా ఉన్న ప్రయోగశాల ఇలాంటి అరుదైన గ్రూపులను తేల్చి చెప్పే పని ఇప్పటికీ చేస్తోంది.

ఒకరిది బాంబే అని తేలిన ఇంట్లో వెంటనే చేయదగ్గ పనులు రెండున్నాయి. మొదటిది, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికీ రివర్స్ గ్రూపింగ్‌తో సహా పరీక్ష చేయించడం. ఒక్కొక్కరిదీ అదే గ్రూపయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది. రెండోది, లైసెన్సు నుంచి ఆస్పత్రి ఫైలు దాకా ‘ఓ’ అని ఉన్న ప్రతిచోటా ‘బాంబే’ అని దిద్దించుకోవడం. ప్రమాదంలో స్పృహ తప్పి వచ్చిన మనిషి విషయంలో, క్రాస్ మ్యాచింగ్‌కు వ్యవధి లేనప్పుడు, డ్యూటీ డాక్టరు ముందుగా తెప్పించేది ‘ఓ’ బ్యాగునే.